వెడల్పు అడిగే చక్రం, ఎత్తు అడిగే గుంత

మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాదు దాదాపు 100 కిలోమీటర్లు. పొద్దున పోయి, పని చూసుకుని, చీకటి పడేలోపు తిరిగి రావాలంటే 200. పెట్రోలు కారున్నవాళ్లకు ఈ అంకెతో పనిలేదు. చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్న ఇంట్లో మాత్రం ఇది పిల్లలకు కూడా కంఠతా వచ్చేస్తుంది. ఎంజీ కామెట్ లాంటి కారు బ్యాటరీలో పట్టేది 17.3 యూనిట్ల కరెంటు. పరీక్షల లెక్కన అది నడిచే దూరం 230 కిలోమీటర్లు. 230కీ 200కీ నడుమ ఉన్న ఆ కాస్త జాగాలోనే ఏసీ, ఎండ, ఎదురుగాలి, ఎక్కిన మనుషులు, టైర్లు అన్నీ సర్దుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ మినహాయింపు ఉంది. ఆకుపచ్చ నంబరు ప్లేట్లు నగరం దాటి జిల్లా పట్టణాలకు రావడానికి అదొక ఊతం. రాందాస్ చౌరస్తా దగ్గర, చర్చి రోడ్డు మీద ఇలాంటి కారుకు మించిన సుఖం లేదు: సందుల్లో దూరుతుంది, ఎక్కడైనా మళ్లుతుంది. ఊరు దాటి హైవే ఎక్కాకే యజమానికి అనుమానం మొదలవుతుంది. పక్క నుంచి లారీ దూసుకుపోతే బండి అదురుతుంది. గుంతలో పడితే నడుము దాకా తెలుస్తుంది. దిగి చూస్తే సన్నటి టైర్లు కనిపిస్తాయి. ఇక టైర్ల షాపులో సంభాషణ ఎక్కడైనా ఒక్క తీరుగానే సాగుతుంది.

"అన్నా, బండి ఊగుతుంది. జర వెడల్పు టైర్లు ఏస్తవా?"

"165 ఎక్కుతదన్నా. లోపట రాసుకుంటే స్పేసర్లు ఏద్దాం. బండి గట్టిగ కూసుంటది."

ఈ రెండు మాటల్లో ఎంతో భౌతికశాస్త్రం ఉంది. కొంత నిజం, కొంత అపోహ. ఏది ఏదో విడదీసి చూడడం డబ్బు కోసమే కాదు, ప్రాణం కోసం కూడా అవసరం.

ముందు టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదువుదాం. కామెట్ టైరు మీద 145/70 ఆర్12 అని ఉంటుంది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే రిమ్ము అంచు నుంచి నేల దాకా ఉన్న రబ్బరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో 70 శాతం. అంటే 101.5 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 12 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. చిత్రంగా ఒకే కోడులో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిసిపోయాయి. 12 అంగుళాలంటే 304.8 మిల్లీమీటర్లు. పైన కింద రెండు గోడలు కలిపితే మొత్తం వ్యాసం దాదాపు 508. ఇప్పుడు దాని జాగాలో 165/70 ఆర్12 వేశామనుకోండి. గోడ ఎత్తు 115.5, వ్యాసం 536. మనం అడిగింది 20 మిల్లీమీటర్ల వెడల్పు. అడక్కుండానే 28 మిల్లీమీటర్ల ఎత్తు కూడా వచ్చింది. ఈ ఎత్తును గుర్తుపెట్టుకోండి, ఈ అధ్యాయంలో అసలు సంగతి అదే.

ఇంతకీ వెడల్పు వల్ల ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నకు మెదక్ ప్రాంతం చాలా కాలంగా జవాబు చెబుతూనే ఉంది. పాత కచ్చరానికి కర్ర చక్రం, దాని చుట్టూ సన్నటి ఇనుప పట్టా. వానాకాలం నల్లరేగడిలో ఆ పట్టా కోసుకుంటూ దిగబడేది. రబ్బరు చక్రాల టైరు బండి వచ్చాక అదే ఎడ్లు అదే దారిలో ఎక్కువ బరువు లాగగలిగాయి. నాట్లకు ముందు పొలం దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ తగిలించేది కూడా బురదలో పట్టు కోసమే. పాత మెదక్ జిల్లాలోని ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆయుధ కర్మాగారం సైన్యానికి బీఎంపీ-2 వాహనాలు తయారుచేస్తోంది. ఆ వాహనం దాదాపు 14 టన్నులు. అయినా దాని బరువు పొడవాటి ఇనుప గొలుసు పట్టాల మీద పరుచుకుంటుంది కాబట్టి నేల మీద చదరపు సెంటీమీటరుకు కిలో భారం కూడా పడదు. కారు టైరు కింద పడేది అంతకు రెట్టింపు కన్నా ఎక్కువే.

వీటన్నింట్లోనూ వెడల్పు గెలిచింది. కానీ ఒక షరతు ఉంది: వంగేది నేల అయితేనే. మెత్తటి నేలలో చక్రం తన దారిని తానే తవ్వుకుంటూ పోతుంది, బలమంతా ఆ తవ్వకానికే ఖర్చు. బరువును పరిస్తే తవ్వకం తగ్గుతుంది. తారు రోడ్డు మీద కథ తిరగబడుతుంది. అక్కడ నేల వంగదు, టైరే వంగుతుంది. ఖర్చయ్యేది నేలలో కాదు, రబ్బరులో. పొలంలో నిజమైన సూత్రాన్ని హైవే మీదికి తెచ్చి అన్వయించుకోవడంలోనే చాలామంది పొరపడతారు.

రోడ్డును తాకే టైరు భాగం ఎంత ఉంటుందో లెక్కేద్దాం. మనుషులతో కలిపి కారు 950 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద దాదాపు 240 కిలోలు. టైరులో 33 పీఎస్ఐ గాలి ఉందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోలు. 240ని 2.3తో భాగిస్తే 104 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు కన్నా చిన్న జాగా. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది గనుక అసలు విలువ కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. ఈ భాగహారంలో వెడల్పు ఎక్కడా రాలేదని గమనించారా? బరువు, గాలి, ఈ రెండే. అదే గాలితో వెడల్పు టైరు వేస్తే తాకే జాగా పెరగదు, ఆకారం మారుతుంది. రోడ్డును తాకే పట్టీ వెడల్పు 11 సెంటీమీటర్లుంటే పొడవు 9.5 ఉంటుంది. వెడల్పు 13 అయితే పొడవు 8కి తగ్గుతుంది.

ఆకారం మారితే ఫలితం లేదని కాదు. రబ్బరు పట్టు బడిలో చదువుకున్న ఘర్షణ సూత్రానికి పూర్తిగా లోబడదు. పీడనం పెరిగేకొద్దీ రబ్బరు ఘర్షణ గుణకం కొద్దిగా తగ్గుతుంది, అందుకే పందెం కార్లకు వెడల్పు టైర్లతో లాభం. పొట్టిగా వెడల్పుగా ఉన్న ముద్ర స్టీరింగు తిప్పగానే త్వరగా స్పందిస్తుంది. పక్కగాలి తోసినప్పుడు తక్కువ జారుతుంది. అంటే "గట్టిగ కూసుంటది" అన్న మాటలో నిజం ఉంది. కానీ అది ఎంత? ఊళ్లో 40, హైవే మీద 60, 70 వేగంతో పోయే చిన్న కారు తన టైర్ల పట్టు హద్దుకు చేరేది ఎప్పుడో ఒకసారి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు. ఆ క్షణాన వెడల్పు కన్నా రబ్బరు నాణ్యతే ఎక్కువ మాట్లాడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.5 ఉంటే బండి ఆగడానికి 28 మీటర్లు కావాలి. మంచి రబ్బరుతో అది 0.55 అయితే 26 లోపే ఆగుతుంది. అడ్డంగా వచ్చిన బర్రెకూ బంపరుకూ మధ్య ఆ రెండు మీటర్లు చాలా పెద్ద దూరం.

వానలో వెడల్పుకు ఒక అవగుణం కూడా ఉంది. మంజీర పొంగి ఏడుపాయల దారుల్లో, లోతట్టు రోడ్ల మీద నీళ్లు పారే రోజుల్లో టైరు తన ముందున్న నీటిని పక్కలకు తోసేయాలి. వెడల్పు పెరిగితే తోయాల్సిన నీరు పెరుగుతుంది, తోయడానికి దొరికే సమయం పెరగదు. ఒక వేగం దాటాక టైరు నీటి మీద తేలిపోతుంది, స్టీరింగూ బ్రేకూ రెండూ పనిచేయవు. విమానాల టైర్ల మీద 1960లలో నాసా చేసిన పరిశోధనలో ఈ వేగం ప్రధానంగా గాలి పీడనం వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. నీరు బాగా నిలిచిన చోట 33 పీఎస్ఐకి ఆ సూత్రం ఇచ్చే వేగం గంటకు 96 కిలోమీటర్లు. గాలి 22కి పడిపోతే 78. "వెడల్పు టైరు కదా, గాలి తగ్గించు, మెత్తగ పోతది" అనే సలహా ఎంత ప్రమాదకరమో ఈ రెండంకెలు చాలు చెప్పడానికి.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. టైరు దొర్లుతున్నప్పుడు ప్రతి చుట్టుకూ దాని ప్రతి ముక్కా నేల దగ్గర చదునై, మళ్లీ గుండ్రమవుతుంది. చదును చేయడానికి పెట్టిన శక్తిని రబ్బరు మొత్తంగా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది. హైవే మీద నుంచి వచ్చిన కారు టైరును తాకితే వెచ్చగా తగిలేది ఈ వేడే. దీన్నే దొర్లుడు ఘర్షణ అంటాం. మంచి టైరుకు దీని గుణకం 0.010 అనుకుందాం. 950 కిలోల కారును లాగడానికి 93 న్యూటన్ల బలం కావాలి. కిలోమీటరుకు 26 వాట్-అవర్లు. మరో టైరుకు గుణకం 0.012 ఉండొచ్చు. బజారులో టైరుకూ టైరుకూ ఈమాత్రం తేడా మామూలే. అప్పుడు 31. మోటారు నష్టాలు కూడా కలిపితే బ్యాటరీ మీద కిలోమీటరుకు 6 వాట్-అవర్ల అదనపు భారం. నిజమైన రోడ్డు మీద కామెట్ లాంటి కారు కిలోమీటరుకు 90 వాట్-అవర్లు తింటుందనుకుంటే ఒక చార్జికి 192 కిలోమీటర్లు రావాలి. 96 తింటే 180. పన్నెండు కిలోమీటర్లు గోవిందా. హైదరాబాదు పోయి రావడానికి దారిలో ఎలాగూ ఒకసారి చార్జింగు పెట్టాల్సిన బండికి, ఎంతసేపు పెట్టాలో నిర్ణయించేది ఇలాంటి అంకెలే.

ఇక్కడ ఎలక్ట్రిక్ కారుకు ఉన్న ఒక ప్రత్యేకత చెప్పాలి. బరువైన రిమ్ములు వేస్తే పెట్రోలు కారుకు బయల్దేరినప్పుడల్లా నష్టమే. ఎలక్ట్రిక్ కారు మాత్రం వేగం తగ్గేటప్పుడు మోటారునే జనరేటరుగా తిప్పి ఆ శక్తిలో కొంత భాగం బ్యాటరీలోకి తిరిగి తెచ్చుకుంటుంది. కాబట్టి బరువు చేసే నష్టం సగానికి సగం పూడుతుంది. రబ్బరులో వేడిగా పోయింది మాత్రం ఏ మోటారూ తిరిగి తేలేదు. అందుకే ఎలక్ట్రిక్ కారు తయారీదారులు బరువు విషయంలో కాస్త రాజీపడినా టైరు విషయంలో పట్టుదలగా ఉంటారు. సన్న టైరు చవక కూడా, అది నిజం. కానీ చవకదనమే కారణం కాదు.

దీనికి గట్టి సాక్ష్యం 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3. ఖరీదైన కారు, డబ్బుకు వెనకాడాల్సిన అవసరం లేని కంపెనీ. అయినా దాని టైరు వెడల్పు 155 మిల్లీమీటర్లే. రిమ్ము మాత్రం 19 అంగుళాలు! 155/70 ఆర్19 అంటే మొత్తం వ్యాసం 70 సెంటీమీటర్లు. సన్నగా, ఎత్తుగా. వ్యాసం పెరిగితే నేల దగ్గర టైరు వంగే కోణం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. సన్నగా ఉంటే గాలిని చీల్చుకుపోవడం తేలిక. అసలు గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని తొలిసారి దాటిన కారు ఎలక్ట్రిక్ కారేనని చాలామందికి తెలియదు. 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గర అషేర్‌లో కామీ జెనాత్జీ నడిపిన ఆ బండి 105.88 కిలోమీటర్ల వేగం అందుకుంది. దాని కింద ఉన్నవి మిషెలాఁ వారి గాలి టైర్లు. డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరుకు పేటెంటు తీసుకుని అప్పటికి పదకొండేళ్లే. కరెంటు బండికీ మంచి టైరుకూ పొత్తు అంత పాతది.

మన గుంతల దగ్గరికి వద్దాం. 20 సెంటీమీటర్ల పొడవున్న గుంత మీదుగా చక్రం పోయినప్పుడు అది ఎంత కిందికి దిగుతుంది? పదో తరగతి పిల్లలు పైథాగరస్ సిద్ధాంతంతో తేల్చేయగల లెక్క ఇది. కామెట్ చక్రం వ్యాసార్థం 25.4 సెంటీమీటర్లు, కాబట్టి 2 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. టాటా టియాగో ఈవీకి 175/65 ఆర్14 టైర్లు, వ్యాసార్థం 29 సెంటీమీటర్లు. అది 1.8 దిగుతుంది. ఐ3 చక్రమైతే 1.5. గుంతకు చక్రం వెడల్పు ఎంతో పట్టదు, ఎత్తు ఎంతో కావాలి. వెడల్పు టైరు వేయించినవాళ్లు "ఇప్పుడు కుదుపు లేదు" అని మెచ్చుకుంటే వాళ్లు అబద్ధమాడడం లేదు. 165/70లో గోడ ఎత్తు 14 మిల్లీమీటర్లు పెరిగింది. రిమ్ము కింద గాలి మెత్త మందమైంది. వాళ్లు అనుభవిస్తున్నది ఎత్తును, పొగుడుతున్నది వెడల్పును. పైగా చాలామంది అరిగిపోయిన పాత టైరును కొత్త టైరుతో పోలుస్తున్నారు. అదే సైజు కొత్తది వేసినా తడిరోడ్డు మీద బండి మారినట్టే అనిపించేది.

ఈ ఎత్తుకు కూడా హద్దుంది. మడ్‌గార్డు లోపల జాగా ఉండాలి, అదీ స్టీరింగు పూర్తిగా తిప్పి, నలుగురు కూర్చుని, గుంతలో పడ్డప్పుడు. రెండోది స్పీడోమీటరు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడమే దానికి తెలుసు, చక్రం పెద్దదైందని తెలియదు. 508 నుంచి 536కి పోతే 5.5 శాతం పెరిగినట్టు. మీటరు 60 అంటే బండి 63 మీద ఉన్నట్టు. వేగాన్ని ఎప్పుడూ కాస్త ఎక్కువగానే చూపేలా మీటర్లను తయారుచేస్తారు కాబట్టి కొంత సర్దుబాటు జరగొచ్చు. కానీ దూరం మీటరు కూడా తక్కువే చూపుతుంది. ఇది ఎలక్ట్రిక్ కారు యజమానిని బాగా తికమక పెడుతుంది. బండి నిజంగా 105 కిలోమీటర్లు నడిచినా మీటరులో 100 పడుతుంది. కొత్త టైర్లతో మైలేజి పది శాతం పడిపోయిందని బాధపడేవాళ్ల నష్టంలో సగం ఈ మీటరు తేడాయే కావచ్చు. మొత్తం వ్యాసం 3 శాతానికి మించి మారకూడదన్నది టైర్ల పనివాళ్లు పాటించే నియమం. దాని ప్రకారం కామెట్‌కు 155/70 సరిపోతుంది, 2.8 శాతమే పెరుగుతుంది. 165/70 హద్దు దాటుతుంది. టియాగోకు 185/65 వేస్తే 2.2 శాతం.

బరువు మోసే అంకెను కూడా చూడాలి. టైరు మీద సైజు తర్వాత 69 అని ఉంటే ఆ టైరు 325 కిలోలు మోయగలదని అర్థం. కొత్త టైరుది ఇంతకన్నా తక్కువ ఉండకూడదు. 2022 నుంచి ఏఐఎస్ 142 అనే ప్రమాణం కింద మన దేశంలో టైర్ల దొర్లుడు ఘర్షణకు, తడి పట్టుకు, మోతకు హద్దులు తప్పనిసరి అవుతూ వచ్చాయి. షాపులో వెడల్పు అడిగేవాళ్లు ఎందరో. దొర్లుడు ఘర్షణ ఎంత అని అడిగేవాళ్లు అరుదు. టైర్లు తయారయ్యే సదాశివపేట మనకు ఇంత దగ్గరగా ఉండగా, టైరు గురించి ఈ ఒక్క ప్రశ్న అడగడం ఈ ప్రాంతం వాళ్లకైనా అలవాటు కావాలని నా కోరిక.

ఇక స్పేసర్లు. హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్లలివి, 5 నుంచి 30 మిల్లీమీటర్ల మందం దాకా దొరుకుతాయి. ఇవి ఎందుకు పుట్టుకొచ్చాయో ముందు న్యాయంగా చెప్పాలి. 20 మిల్లీమీటర్లు వెడల్పైన టైరు బయటికి పది, లోపలికి పది పెరుగుతుంది. లోపల షాక్ అబ్జార్బర్ ఉంటుంది, దానికి రాసుకుంటే టైరు గోడ కోసుకుపోతుంది. చక్రాన్ని బయటికి జరిపితే ఆ గొడవ ఉండదు. అంటే వెడల్పు టైరు తెచ్చిన సమస్యకు స్పేసరు మందు. కానీ ఆ మందుకు వేరే దుష్ఫలితాలున్నాయి, అవి టైరు వల్ల వచ్చేవాటికన్నా తీవ్రమైనవి.

చక్రాన్ని కారుకు పట్టి ఉంచేది ఏమిటని అడిగితే బోల్టులని చెబుతాం. సరిగ్గా చెప్పాలంటే బోల్టుల బిగింపు పుట్టించే ఘర్షణ. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్-మీటర్ల టార్క్‌తో బిగిస్తే అది రిమ్మును హబ్బుకేసి దాదాపు 4 టన్నుల బలంతో నొక్కుతుంది. నాలుగు నట్లు కలిపి 16 టన్నులకు పైనే. టన్ను కూడా తూగని కారుకు ఒక్క చక్రం దగ్గర ఇంత బిగింపు! దీనివల్లే రిమ్ము హబ్బు మీద వెంట్రుకవాసి కూడా జరగదు. అది జరగనంత కాలం స్టడ్డు మీద అడ్డంగా భారం పడదు. ఒక్కసారి బిగింపు సడలిందా, రిమ్ము ప్రతి చుట్టుకూ అటూ ఇటూ కదిలి స్టడ్డును వంచుతుంది. ఒక తీగను పదే పదే వంచితే ఏమవుతుందో స్టడ్డుకూ అదే అవుతుంది. స్పేసరు పెట్టినప్పుడు ఒక అతుకు ఉండాల్సిన చోట రెండు వస్తాయి. వాటిలో ఏ ఒక్కదాంట్లో తుప్పు, రంగు, రోడ్డు మీది దుమ్ము మిగిలినా, పది ఇరవై కిలోమీటర్లు నడిచేసరికి అది నలిగి పలచబడుతుంది. స్టడ్డు సాగిన బిగువు ఆ మేరకు పోతుంది. చేతికి నట్టు గట్టిగానే తగులుతుంది, లోపల టన్నుల లెక్కన బిగింపు మాయమై ఉంటుంది.

సన్నటి స్పేసర్లతో ఇంకో చిక్కుంది. వాటికి సొంత బోల్టులుండవు, ఉన్న స్టడ్ల మీదే తొడుగుతారు. 5 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే నట్టుకు పట్టే మరలు 5 మిల్లీమీటర్లు తగ్గాయి. నట్టు కనీసం స్టడ్డు వ్యాసమంత లోతు పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు, ఒక్కో మర 1.5 మిల్లీమీటర్లయితే, ఎనిమిది పూర్తి చుట్లు. నాలుగు చుట్లకే బిగిసిపోతే ఆ చక్రం మీద కుటుంబాన్ని ఎక్కించకండి. మందపాటి స్పేసర్లకు సొంత స్టడ్లుంటాయి, అవి నయం. అయితే మధ్య రంధ్రం హబ్బుకు కచ్చితంగా సరిపోవాలి. లేకపోతే చక్రం కేంద్రం తప్పి 60 దాటగానే స్టీరింగు వణుకుతుంది. దాన్ని బ్యాలెన్సింగుతో సరిచేయలేరు.

చక్రం బయటికి జరగడం వల్ల బేరింగు మీద భారం పనిచేసే మీట పొడుగవుతుంది. 240 కిలోల భారం 15 మిల్లీమీటర్లు బయటికి పోతే బేరింగును వంచే టార్క్ 35 న్యూటన్-మీటర్లు పెరుగుతుంది, బండి నిలబడి ఉన్నప్పుడు కూడా. గుంతలో పడినప్పుడు అంతకు ఎన్నో రెట్లు. ఇది నెలల్లో బయటపడే నష్టం. స్టీరింగుకు చేసేది మాత్రం మొదటి రోజే తెలుస్తుంది. ముందు చక్రం ఒక వాలు గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత నేలను తాకే చోటు, టైరు ముద్ర మధ్యభాగం దాదాపు ఒకదాని మీద ఒకటి పడేలా ఇంజనీర్లు చూస్తారు. కొన్ని కార్లలో ఆ గీతను టైరు మధ్య నుంచి కాస్త బయటికి పడేలా పెడతారు. అప్పుడు ఎడమ చక్రం రోడ్డు పక్క ఇసుకలో, కుడి చక్రం తారు మీద ఉండగా బ్రేకు వేస్తే, ఎక్కువ పట్టు దొరికిన కుడి చక్రం బండిని తన వైపు లాగబోతుంది, స్టీరింగు మాత్రం దానంతటదే ఎడమకు కాస్త తిరిగి ఆ లాగుడును సరిచేస్తుంది. డ్రైవరుకు తెలియకుండా జరిగే సహాయమిది. 15 మిల్లీమీటర్ల స్పేసరు ఆ లెక్కను తలకిందులు చేయగలదు. అప్పుడు స్టీరింగు కూడా కుడికే తిరుగుతుంది, ఎదురుగా వచ్చే బస్సు వైపు. మన రోడ్ల అంచుల్లో ఇసుక లేని చోటెక్కడ?

ఇంత ఖర్చు పెట్టి స్పేసరు ఇచ్చే స్థిరత్వం ఎంతో చూడండి. బండి బోల్తా పడకుండా నిలబడే శక్తికి ఒక సులువైన కొలత ఉంది: ఎడమ కుడి చక్రాల నడిమి దూరాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. ఆ దూరం 1300 మిల్లీమీటర్లు, ఎత్తు 550 అనుకుంటే 1.18 వస్తుంది. రెండు వైపులా 15 మిల్లీమీటర్ల స్పేసర్లు పెడితే 1.21. రెండున్నర శాతం కూడా లేదు. బ్యాటరీని నేలకు దగ్గరగా పెట్టి డిజైనర్లు సాధించిన లాభం ముందు ఇదెంత? లారీ గాలికి బండి ఊగడం మీద దీని ప్రభావం ఇంకా తక్కువ. ఊగేది ఎత్తైన ఒంటికి పక్క నుంచి గాలి తగలడం వల్ల. స్పేసరు ఆ ఒంటిని చిన్నది చేయదు. వేగం పది తగ్గించి, గాలి సరిగ్గా కొట్టించుకుంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. నా మట్టుకు నేను వెడల్పు టైరును ఒక సైజు వరకు ఒప్పుకుంటాను, స్పేసరును ఒప్పుకోను.

చట్టం మాట క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన లక్షణాలు మార్చడాన్ని కట్టడి చేస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ కట్టడిని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు చూసేది కూడా ఇలాంటి మార్పులనే.

టైరు మార్చాలని నిశ్చయించుకున్నవాళ్లు నాలుగూ ఒకేసారి మార్చడం మేలు. రెండే కొనగలిగితే కొత్తవి వెనక్కి వేయాలి. వెనక టైర్లు ముందుగా పట్టు తప్పితే బండి బొంగరంలా తిరుగుతుంది, దాన్ని సరిచేయగల డ్రైవర్లు తక్కువ. మిత్సుబిషి ఐ-మీవ్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారుకు కంపెనీవాళ్లే ముందు 145, వెనక 175 వెడల్పు టైర్లు ఇచ్చారు. మోటారు, బరువు వెనకే ఉన్న బండి అది. కామెట్ మోటారు కూడా వెనకే ఉంటుంది. ముందు మాత్రమే వెడల్పు టైర్లు వేయించుకునే పని ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

మార్చే ముందు, మార్చాక చేసి చూడగల పరీక్ష ఒకటుంది. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చదునుగా, పొడుగ్గా, వాహనాలు లేని రోడ్డు, గాలి లేని తెల్లవారుజాము, పక్కన ఒక మనిషి, అతని చేతిలో ఫోన్లో స్టాప్‌వాచీ. టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసుకోవాలి, ఎందుకంటే ప్రతి 5, 6 డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. అయిదారు కిలోమీటర్లు నడిపి టైర్లను వెచ్చచేయాలి. 35 దాకా వేగం పెంచి న్యూట్రల్‌లో పెట్టి వదిలేయాలి. 30 నుంచి 20కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్క మనిషి చూడాలి. వెంటనే అదే రోడ్డు మీద ఎదురు దిశలో మళ్లీ చేసి సగటు తీయాలి. కంటికి ఆనని వాలు కూడా ఈ లెక్కను చెడగొడుతుంది. మన 950 కిలోల కారుకు దొర్లుడు ఘర్షణ 0.010 ఉంటే దాదాపు 23 సెకన్లు, 0.012 అయితే దాదాపు 20 రావాలి. కొత్త టైరు పెద్దదైతే మీటరు వేగాన్ని నమ్మకుండా ఫోన్లో జీపీఎస్ వేగం చూడండి. ఏ టైరైనా కొత్తగా ఉన్నప్పుడు అరిగినదానికన్నా ఎక్కువ శక్తిని మింగుతుంది, కాబట్టి మొదటి వారం అంకెతోనే తీర్పు చెప్పకుండా వెయ్యి కిలోమీటర్లు నడిచాక అదే రోడ్డు మీద, అదే గాలి పీడనంతో, అదే మనిషిని కూర్చోబెట్టుకుని మరోసారి కొలవాలి.